సంక్రాంతి పోటీలకి కథ పంపే ముందు

దసరా దాటిందంటే నెల్లూరు, ఒంగోలు వైపు రెండూ ఒకేసారి మొదలవుతాయి: ఒకటి వాయుగుండాలు, రెండోది సంక్రాంతి, ఉగాది కథల పోటీల ప్రకటనలు. కొత్తగా రాస్తున్నవాళ్లు బహుమతి వస్తుందా రాదా అని టెన్షన్ పడుతుంటారు. రాకపోతే పోయేదేం లేదు, ఆ కథ ఇంకోచోటికి పంపుకోవచ్చు. అసలు ప్రమాదం కథే చేతిలోంచి జారిపోవడం.

ముందు హామీపత్రం సంగతి. "ఈ కథ నా స్వంతం, దేనికీ అనుకరణ గాని అనువాదం గాని కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు" అని రాసి సంతకం పెడతాం. అందరూ పెడతారు, చాలామంది చదవరు. నేనూ చదవలేదు. కథలో బాగా కుదిరిన రెండు పేరాలు మురిసిపోయి ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నాను. మూడు నెలల తర్వాత ఫోనొచ్చింది: "మీ కథ చివరి వడపోత దాకా వచ్చిందండీ, కానీ కొంత భాగం ముందే బయటికొచ్చింది కదా." నూట ఇరవై లైకులు మిగిలాయి. ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపు, ఆడియో యాప్, కాలేజీ మేగజైన్ కూడా ప్రచురణ కిందికే వస్తాయనుకుని నడుచుకోండి. ఒకే కథని రెండు పోటీలకి పంపడం కూడా ఇలాంటిదే. రెండుచోట్లా ఎంపికైతే సంతోషించే వీలుండదు, ఇద్దరు సంపాదకులకి క్షమాపణ చెప్పుకోవాలి.

ఇక హక్కులు. నిబంధనల్లో చివరి లైను ముందు చదవండి. "బహుమతి పొందిన కథని ముందుగా ప్రచురించుకునే హక్కు మాది" అంటే న్యాయమే. "పోటీకి వచ్చిన అన్ని కథల మీదా సర్వహక్కులూ శాశ్వతంగా నిర్వాహకులవే" అని ఉంటే మాత్రం పంపకండి, బహుమతి లక్ష రూపాయలైనా సరే. ఓడిపోయిన కథ కూడా వాళ్లదైపోతుందన్నమాట. రేపు ఎవరైనా షార్ట్ ఫిల్మ్ తీస్తామని వస్తే మీరు పక్కన నిలబడి చూడాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, రచయిత సంతకంతో జరగాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అనీ, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే అనీ లెక్క. కాబట్టి "శాశ్వతంగా", "ప్రపంచవ్యాప్తంగా" అనే మాటలు కనపడగానే ఆగి, ఈమెయిల్ పెట్టి అడగండి. ఫోన్లో చెప్పిన జవాబు పనికిరాదు.

డీటీపీ దగ్గర, అంటే కథని కంప్యూటర్లో టైపు చేయించే చోట, ఇంకో గొయ్యి ఉంది. ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక షాపులో నా కథ టైపు చేయించి, ఫైలు అక్కణ్నుంచే మెయిల్ చేయించాను. "అవతల తెరుచుకుంటాదా?" అని అడిగితే ఆపరేటర్ "ఏం కాదు సార్, ఈడ బాగానే కనపడతుండాది కదా" అన్నాడు. అది యూనికోడ్ (ఏ ఫోన్లో, కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనపడే పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంటు. అవతలివాళ్ల కంప్యూటర్లో కథ మొత్తం ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు. అప్పట్నుంచీ యూనికోడ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా తీసి, ముందు మా ఆవిడ ఫోనుకి పంపి తెరిచి చూస్తాను. పాత ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్పిస్తే ఒత్తులు ఎగిరిపోతుంటాయి, కథంతా మళ్లీ ఒకసారి చదవాల్సిందే. పేరు ఉండకూడదన్న పోటీలైతే పేజీ అడుగున షాపువాడు అలవాటుగా వేసే మీ పేరు తీయించండి, ఫైలు పేరులోంచి కూడా.

ఆఖరి రోజుదాకా ఆగొద్దు అని అందరూ చెప్తారు. మన దగ్గర దానికి ఇంకో కారణం ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు హైవే తెగింది. అలాంటి వారంలో పోస్టూ కదలదు, నెట్టూ ఉండదు. గడువులోగా "పంపాలా", "చేరాలా" అన్నది చూసుకోండి. రిజిస్టర్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. పాత ప్రకటన కాపీ కొట్టి రిజిస్టర్ పోస్టు అని వేసినా, స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోండి.

డబ్బు అడిగే పురస్కారాల గురించి ఎక్కువ చెప్పను. "మీరు ఎంపికయ్యారు, శాలువా, జ్ఞాపిక, బిరుదుకి ఇంత పంపండి" అంటే అది కొనుగోలే. సంకలనంలో కథ వేస్తాం, 20 కాపీలు కొనండి అన్నా అంతే.

పెద్ద అవకాశాల్లో వయసే మొదటి గేటు. సాహిత్య అకాదెమీ యువ పురస్కారం 2011లో మొదలైంది, 35 ఏళ్ల లోపు వాళ్లకి, అచ్చయిన పుస్తకానికి ఇస్తారు, 50,000 రూపాయలు. విడి కథలు ఎన్ని ఉన్నా సరిపోవు. వయసు లెక్క పురస్కార సంవత్సరం జనవరి 1 నాటికి. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టినతేదీ ముందే చూసుకోండి, మన ఊళ్లలో బళ్లో వేసిన తేదీ వేరు, అమ్మ చెప్పే తేదీ వేరు. నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే పీఎం యువ పథకం 30 ఏళ్ల లోపు వాళ్లకి, నెలకి 50,000 చొప్పున 6 నెలలు. 2025లో ప్రకటించిన మూడో విడతలో కథలూ కవితలూ కాదు, ఇచ్చిన అంశాల మీద కాల్పనికేతర పుస్తక ప్రతిపాదన అడిగారు. అంశాల్లో ఒకటి 1950 నుంచి 2025 దాకా ఆధునిక భారత నిర్మాతలు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల 1992 సారా వ్యతిరేక ఉద్యమం లాంటి విషయం చేతిలో పెట్టుకుని మనవాళ్లు కథ అతికించి పంపితే మొదటి వడపోతలోనే పోతుంది. అలాంటిది రాయాలంటే ఆ ఊరెళ్లి, మాట్లాడినవాళ్ల అనుమతి తీసుకోవాలి. ఆ పనికి గడువు ముందు వారం చాలదు, రెండు మూడు నెలలు పడుతుంది.

నేను ఒక పాత అకౌంట్ల పుస్తకంలో గీతలు గీసుకున్నాను: కథ పేరు, ఎక్కడికి, ఏ తేదీన, ఫలితం ఎప్పుడు, హక్కుల లైను యథాతథంగా. ఫలితం తేదీ దాటి నెలైనా కబురు లేకపోతే "కథ ఉపసంహరించుకుంటున్నాను" అని మెయిల్ పెట్టి, ఆ గడిలో ఎర్రపెన్నుతో తేదీ వేస్తాను. అప్పటిదాకా ఆ కథ ఇంకెక్కడికీ పోదు.