ఎస్ఎంఎస్ ఛార్జీ అని ఖాతాలో డబ్బు కట్ అవుతోందా? కారణం పట్టుకోవడం, సరిచేయించుకోవడం ఎలా

పాస్‌బుక్ ప్రింట్ చేయించి చూస్తే మూడు నెలలకోసారి 17 రూపాయల 70 పైసలు తగ్గి ఉంటాయి. పక్కన 'ఎస్ఎంఎస్ ఛార్జ్' అనో 'అలర్ట్ ఛార్జెస్' అనో పొట్టిగా రాసి ఉంటుంది. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా బ్యాంకు మిషన్ దగ్గర నిలబడితే ఈ లైను గురించి అడిగేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. మెసేజే రాకుండా డబ్బు ఎలా తీస్తారు, ఒకేసారి 70 రూపాయలు ఎందుకు పోయాయి, దీన్ని ఆపించుకోవచ్చా అని. లక్షణాన్ని బట్టి కారణం మారుతుంది. మీ పాస్‌బుక్ ముందు పెట్టుకుని చదవండి.

ఒక్క విషయం ముందే చెప్తాను. ఈ ఛార్జీ చూసి కోపం వచ్చి 'నాకు మెసేజ్‌లే వద్దు' అని రాసిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎక్కువ తీసుకున్న డబ్బు వెనక్కి అడగండి, మెసేజ్‌ను మాత్రం వదులుకోకండి. ఎందుకో కింద వివరంగా రాశాను.

అసలు అది ఎస్ఎంఎస్ ఛార్జీయేనా?

చిన్న మొత్తం తగ్గితే చాలు, ఎస్ఎంఎస్ ఛార్జీ అనుకుంటాం. ముందు అంకెను పరీక్షించండి. బ్యాంకు సేవలపై జీఎస్టీ 18 శాతం. కట్ అయిన మొత్తాన్ని 1.18తో భాగిస్తే అసలు ఛార్జీ బయటపడుతుంది. 17.70 అంటే 15 రూపాయల ఛార్జీ, 2.70 పన్ను. 14.16 అంటే 12 రూపాయల మీద పన్ను. కొన్ని పాస్‌బుక్కుల్లో పన్నును రెండు లైన్లుగా, 1.35 చొప్పున విడిగా చూపిస్తారు. అది రెండుసార్లు తీసుకున్నట్టు కాదు, కేంద్రం వాటా, రాష్ట్రం వాటా. జీఎస్టీ రాకముందు నాటి పాస్‌బుక్‌లో 17.25 కనిపిస్తే అదీ ఈ 15 రూపాయలే, అప్పుడు సర్వీస్ ట్యాక్స్ 15 శాతం ఉండేది.

భాగించినా లెక్క కుదరకపోతే అది వేరే పద్దు అయ్యుండొచ్చు. మే నెలాఖర్లో 20 రూపాయలు పోతే అది ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రీమియం. 436 పోతే జీవన జ్యోతి బీమా. ఈ రెండూ ఏడాదికోసారి, మీరు ఎప్పుడో సంతకం పెట్టిన ఫారం వల్ల వెళ్తాయి. 27.14 పోతే ఏటీఎంలో ఉచిత పరిమితి దాటి డబ్బు తీశారని అర్థం. 2025 మే 1 నుంచి ఆ ఛార్జీ 23 రూపాయల వరకు ఉండొచ్చు, దానిపైన పన్ను. వీటి గురించి ఎస్ఎంఎస్ పేరుతో అర్జీ పెడితే కౌంటర్‌లో మాట పడాల్సి వస్తుంది.

ఛార్జీ కట్ అవుతోంది, మెసేజ్ మాత్రం రావడం లేదు

నాకు తెలిసి అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే, పట్టించుకోకపోతే ప్రమాదం కూడా దీంతోనే. చాలావరకు కారణం ఖాతాలో ఉన్న పాత నంబర్. మన జిల్లాలో ఇది మరీ ఎక్కువ. కుప్పం నుంచి బెంగళూరుకు రైల్లో వెళ్లి పనిచేసేవాళ్లు అక్కడి సిమ్ తీసుకుంటారు. గుడిపాల వైపు వాళ్లకు వేలూరు సిమ్‌లుంటాయి. పని మారితే సిమ్ మారుతుంది, ఖాతాలో నంబర్ మాత్రం అలాగే ఉండిపోతుంది. పెద్దవాళ్ల ఖాతాలకైతే కొడుకు నంబరో అల్లుడి నంబరో ఇచ్చి ఉంటారు. పొదుపు సంఘం ఖాతాలకు లీడర్ అక్క నంబర్ ఉంటుంది. లీడర్ మారినా ఆ నంబర్ మార్చాలని ఎవరికీ గుర్తుండదు.

పాత సిమ్ ఆగిపోతే ఆ నంబర్ ఖాళీగా పడి ఉండదు. కనీసం 90 రోజుల తర్వాత దాన్ని కంపెనీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. అప్పుడు మీ ఖాతాలో ఎంత పడింది, ఎంత ఉంది అన్నది ఎవరో తెలియని మనిషి ఫోన్‌లోకి వెళ్తుంది. ఓటీపీ కూడా అటే పోతుంది. మెసేజ్ పంపినందుకు బ్యాంకు ఛార్జీ తీసుకుంటుంది, అది ఎవరికి చేరిందన్నది మీరు నంబర్ మార్చేదాకా బ్యాంకుకు తెలియదు.

పరిష్కారం: పాస్‌బుక్, ఆధార్, పాన్ నకళ్లు పట్టుకుని మీ ఖాతా ఉన్న బ్రాంచికి వెళ్లి, నంబర్ మార్పు ఫారం నింపి, ఫారం ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. ముందుగా 'నా ఖాతాకు ఇప్పుడున్న నంబర్ చివరి నాలుగు అంకెలు చెప్పండి' అని అడగండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది. సంఘం ఖాతాకైతే తీర్మానం రాసుకుని సంతకాలు చేసే సభ్యులు కలిసి వెళ్లాలి.

నంబర్ సరిగానే ఉందా? అయితే ఫోన్‌లో చూడండి. మెసేజ్‌ల యాప్‌లో స్పామ్, బ్లాక్ అని ఉండే చోట్ల బ్యాంకు మెసేజ్‌లు పడి ఉండొచ్చు. ప్రచార మెసేజ్‌లతో విసిగి ఎప్పుడో బ్లాక్ చేసి ఉంటారు. ప్రచార కాల్స్, మెసేజ్‌లు రాకుండా ఆపే డీఎన్‌డీ పెట్టుకున్నందువల్ల లావాదేవీల మెసేజ్‌లు ఆగవు, దాన్ని అనుమానించకండి. ఇంకో కారణం కూడా ఉంది. కొన్ని బ్యాంకులు చిన్న మొత్తం యూపీఐ చెల్లింపులకు మెసేజ్ పంపడం మానేశాయి. టీ కొట్లో ఇచ్చిన 20 రూపాయలకు మెసేజ్ రాకపోతే అది లోపం కాకపోవచ్చు. ఏ మొత్తం దాటితే మెసేజ్ వస్తుందో బ్రాంచిలో అడిగి తెలుసుకోండి.

మెసేజ్‌లు పది కూడా లేవు, ఛార్జీ మాత్రం నిండుగా పడింది

ఇక్కడ న్యాయం మీ వైపు ఉంది. 2013 నవంబర్ 26న రిజర్వ్ బ్యాంక్ అన్ని బ్యాంకులకు ఒక సర్క్యులర్ పంపింది. ఎస్ఎంఎస్ అలర్ట్‌లకు ఛార్జీ వాడకాన్ని బట్టే ఉండాలని, అందుకు తమ దగ్గర, టెలికాం కంపెనీల దగ్గర ఉన్న సాంకేతికతను వాడుకోవాలని అందులో చెప్పింది. అంటే అందరి దగ్గరా ఒకే మొత్తం గుంపగుత్తగా తీసుకోవడం ఆ సర్క్యులర్ ఉద్దేశం కాదు. మెసేజ్‌కు ఇన్ని పైసలు అని లెక్కగట్టి, మూడు నెలలకు ఇంతకు మించదు అని గరిష్ఠ పరిమితి పెట్టిన బ్యాంకులు ఉన్నాయి.

కాబట్టి ఇలా చేయండి. జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ నుంచి జూన్, ఇలా ఒక మూడు నెలల కాలం ఎంచుకోండి. ఆ కాలంలో బ్యాంకు నుంచి వచ్చిన లావాదేవీ మెసేజ్‌లు లెక్కపెట్టండి. ఓటీపీలను, లోన్ తీసుకోండి, కార్డు తీసుకోండి అనే మెసేజ్‌లను కలపకండి. పంపినవారి పేరు చివర చూస్తే తేడా తెలుస్తుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో తెచ్చిన పద్ధతి ప్రకారం ప్రచార మెసేజ్ పేరు చివర గీత పెట్టి 'పీ' అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది, లావాదేవీకి 'టీ', సేవలకు 'ఎస్'. తర్వాత మీ బ్యాంకు సర్వీస్ ఛార్జీల పట్టిక చూడండి. అది బ్రాంచిలోనూ వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. మెసేజ్‌కు 20 పైసలు అని ఉండి మీకు 9 మెసేజ్‌లే వస్తే, రావాల్సింది 1.80, దానిపై పన్ను. 15 రూపాయలు పడితే తేడా వెనక్కి అడగండి. నోటిమాటగా అడిగితే 'సిస్టమ్ ఆటోమేటిక్‌గా తీసుకుంటుందండీ' అనే జవాబే వస్తుంది. కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అది అతని చేతిలో లేదు. అందుకే కాగితం కావాలి:

"మేనేజర్ గారికి, నా సేవింగ్స్ ఖాతా నంబర్ ఇది. ఫలానా తేదీన ఎస్ఎంఎస్ ఛార్జీగా ఇంత మొత్తం తీసుకున్నారు. ఆ మూడు నెలల్లో నాకు అందిన లావాదేవీ మెసేజ్‌లు ఇన్ని. 2013 నవంబర్ 26 నాటి రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ప్రకారం ఛార్జీ వాడకాన్ని బట్టి ఉండాలి. నా ఖాతాకు సంబంధించి బ్యాంకు పంపిన మెసేజ్‌ల సంఖ్య, మెసేజ్‌కు రేటు లిఖితంగా తెలియజేసి, ఎక్కువగా తీసుకున్న మొత్తాన్ని పన్నుతో సహా జమ చేయగలరు."

రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదానిపై తేదీ, ముద్ర, సంతకం వేయించుకోండి. మొత్తం చిన్నదని సిగ్గుపడాల్సిన పనిలేదు. పదిహేను రూపాయలు మీ ఒక్కరివే కావచ్చు, అదే లైను ఊళ్లో ప్రతి పాస్‌బుక్‌లోనూ ఉంటుంది.

స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా సేవింగ్స్ ఖాతాలపై ఈ ఛార్జీని 2020లోనే ఎత్తేసింది. ఆంధ్రా బ్యాంక్, సిండికేట్ బ్యాంక్ ఖాతాలు ఉన్నవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ రెండూ 2020 ఏప్రిల్ 1న వరుసగా యూనియన్ బ్యాంక్‌లో, కెనరా బ్యాంక్‌లో కలిశాయి. చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. మీరు పాత పాస్‌బుక్ పట్టుకుని పాత రేటే అనుకుంటూ ఉంటే లెక్క తప్పుతుంది. ఇప్పుడున్న బ్యాంకు పట్టికే చూడాలి.

ఒకేసారి 70 రూపాయలు పోయాయి

70.80 అయితే అది నాలుగుసార్ల 17.70. ఖాతాలో చాలాకాలం డబ్బు లేకపోతే ఛార్జీ తీసుకోవడానికి వీలుండదు. బకాయిగా నిలిచి, డబ్బు పడిన వెంటనే మొత్తం కట్ అవుతుంది. మామిడి పంట డబ్బో, పాల బిల్లో, అన్నదాత సుఖీభవ సొమ్మో పడిన రోజే ఇది జరగడంతో ప్రభుత్వ డబ్బులో కోత పెట్టారని జనం కంగారుపడతారు. స్టేట్‌మెంట్ తీయించి ఏ మూడు నెలలకు ఎంతో విడగొట్టి చూపించమని అడగండి. ఖాతాలో లావాదేవీలే లేని కాలానికి కూడా నిండు ఛార్జీ వేసి ఉంటే పైన రాసిన అర్జీయే ఇవ్వండి, మెసేజ్‌ల సంఖ్య దగ్గర సున్నా రాయండి. వాడని రెండో ఖాతా ఉంటే మూసేయడం మేలు.

మెసేజ్‌లే ఆపేయించుకుంటే పోలేదా?

ఆపకండి. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాలు ఖాతాదారుకు పెద్ద రక్షణ. మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్లు మీ ఖాతాలో డబ్బు కొట్టేస్తే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల లోపు మీరు చెప్తే నష్టం మీకు సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెప్తే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10,000 రూపాయలు, కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ ఖాతాకు 5,000 రూపాయల దాకా మీరే భరించాల్సి రావచ్చు. ఏడు దాటితే ఆ బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. పాస్‌బుక్ ఆరు నెలలకోసారి ప్రింట్ చేయించే ఇంట్లో, డబ్బు పోయిన సంగతి ఆ గడువులోపు చెప్పేది ఆ ఒక్క మెసేజే. మూడు నెలలకు 15 రూపాయలు మిగుల్చుకోవడానికి ఆ రక్షణను వదులుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. పైగా ఆ ఆదేశాల్లోనే ఎలక్ట్రానిక్ లావాదేవీలకు ఎస్ఎంఎస్ తప్పనిసరి అని ఉంది. మొబైల్ నంబర్ ఇవ్వని ఖాతాకు ఏటీఎంలో నగదు తప్ప మిగతా ఎలక్ట్రానిక్ సేవలు బ్యాంకు నిరాకరించవచ్చు కూడా.

ఈమెయిల్ అలర్ట్, బ్యాంకు యాప్ నోటిఫికేషన్ కూడా పెట్టుకోండి. కానీ బటన్ ఫోన్ వాడే అమ్మకో తాతకో ఎస్ఎంఎస్ ఒక్కటే దారి.

'ఎస్ఎంఎస్ ఛార్జీ ఆపాలంటే ఈ లింక్ నొక్కండి' అని వచ్చింది

అది మోసం. ఛార్జీ ఆపడానికో తిరిగి ఇవ్వడానికో ఏ బ్యాంకూ ఓటీపీ, పిన్, కార్డు నంబర్ అడగదు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరమే లేదు. కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతక్కండి, కార్డు వెనక లేదా పాస్‌బుక్‌పై ఉన్నదే వాడండి. బ్యాంకుల అసలు వెబ్‌సైట్ల చిరునామా ఇప్పుడు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగుస్తుంది. పొరపాటున లింక్ నొక్కి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకు చెప్పండి.

అర్జీ ఇచ్చినా జవాబు లేదు

30 రోజులు చూడండి. ఆలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు సరిగా అనిపించకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఏ ఊరికీ వెళ్లనక్కర్లేదు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ అనే వెబ్‌సైట్‌లో ఫోన్ నుంచే నింపొచ్చు. నెట్ రాదనుకుంటే చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వ్ బ్యాంక్ కార్యాలయంలో ఫిర్యాదులు తీసుకునే కేంద్రం ఉంది, పిన్ 160017, అక్కడికి పోస్టులో పంపండి. ఎలా నింపాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు. ముద్ర వేయించుకున్న అర్జీ కాపీ, ఛార్జీ పడిన పాస్‌బుక్ పేజీ, మెసేజ్‌ల లెక్క రాసిన కాగితం, ఈ మూడూ జతచేయండి. ముద్ర వేసిన కాపీ లేకపోతే ముందు బ్యాంకును అడిగినట్టు రుజువు ఉండదు, ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది.