పాత మినీని ఇప్పటి ఎస్-క్లాస్ పక్కన పెట్టి ఎలా చూడాలి

ముందు హార్స్‌పవర్ గొడవ పక్కన పెట్టేయండి. 1959లో వచ్చిన బుల్లి బ్రిటిష్ కారు, మొదటి మినీకి 848 సీసీ ఇంజను, 34 హార్స్‌పవర్, ఇప్పటి మెర్సిడెస్ పెద్ద కారు ఎస్-క్లాస్‌లో ఎస్ 500 మోడల్‌కి 430 పైనే, ఈ లెక్కే చూస్తే పోటీ మొదలవకుండానే అయిపోతుంది, మనకి తెలిసేదీ ఏమీ ఉండదు. బరువుతో భాగించి చూడండి. మినీ దాదాపు 600 కిలోలు, ఎస్-క్లాస్ 2 టన్నుల దగ్గర, 12 రెట్లు పైన కనిపించిన తేడా కాస్తా 4 రెట్లకి దిగొచ్చేస్తుంది.

చోటు కూడా బయట టేపు పెట్టి కొలిస్తే సరిపోదు, లోపల మనుషుల్ని కూర్చోబెట్టి చూడాలి. మినీ పొడవు 3 మీటర్లు చిల్లర, ఎస్-క్లాస్ 5 మీటర్లు దాటుతుంది, కానీ మినీని డిజైన్ చేసిన అలెక్ ఇస్సిగోనిస్ ఇంజన్ని అడ్డంగా తిప్పి గేర్‌బాక్సుని దాని కిందే దూర్చి చక్రాల్ని 10 అంగుళాలకి కుదించేసరికి అంత చిన్న కార్లో కూడా నలుగురు పెద్దవాళ్ళు పడతారు, నాకైతే ఇప్పటికీ అదొక అద్భుతమే.

ఇక అసలు సంగతి నడపడం. ఒకే రోడ్డు, ఒకే మనిషి, మలుపులున్న దారి అయితే ఇంకా మంచిది, కచ్చితంగా మినీనే ముందు నడపండి, ఎందుకంటే ఎస్-క్లాస్ నిశ్శబ్దానికి చెవులు అలవాటు పడ్డాక పాత కారు ఎక్కితే ప్రతి చప్పుడూ రిపేరులాగే వినిపిస్తుంది. 60లో వెళ్తూ చేతుల్ని గమనించండి. మినీకి పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి రోడ్డు మీద చిన్న గతుకు కూడా నేరుగా చేతికి తెలుస్తుంది, 60కే బాగా స్పీడుగా పోతున్నట్టుంటుంది, అదే ఎస్-క్లాస్‌లో 120 దాటినా మీటరు చూస్తేగానీ తెలీదు. నన్నడిగితే ఈ రెండు కార్ల మధ్య పెద్ద తేడా ఇదే, ఏ స్పెక్ షీట్‌లోనూ రాయరు. బ్రేకులు మాత్రం జాగ్రత్త, మొదటి మినీలకి నాలుగు చక్రాలకీ పాతరకం డ్రమ్ము బ్రేకులే, గట్టిగా తొక్కాలి, ముందు బండికి బాగా దూరం ఉంచాలి.

సేఫ్టీ దగ్గర పాత కారు మీద ప్రేమతో సర్దిచెప్పుకోవద్దు. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లోనే ఎస్-క్లాస్‌కి వచ్చింది, ఆ తర్వాత ఎయిర్‌బ్యాగులూ వచ్చాయి, మొదటి మినీల్లో ఇవేవీ లేవు. పిల్లలతో హైవే అంటే పెద్ద కారే, ఇందులో ఇంకో మాట లేదు.

ఖర్చు చూసేటప్పుడు బానెట్ ఎత్తండి. మినీలో పాయింట్లు (ఇంజన్లో స్పార్క్ ఎప్పుడు రావాలో చూసే స్విచ్చు), కార్బ్యురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపేది) మామూలు స్పానర్లూ స్క్రూడ్రైవరుతో మనమే సెట్ చేసుకోవచ్చు, కాకపోతే ఇంజనుకీ గేర్లకీ ఒకటే ఆయిలు కాబట్టి 5,000 కిలోమీటర్లకోసారి మార్చేయాలి. ఎస్-క్లాస్‌కి కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితేగానీ ఏం పాడైందో తెలీదు, కారుని గాలి మీద మోసే ఎయిర్ సస్పెన్షన్ పోతే బిల్లు గట్టిగానే ఉంటుంది, అందుకే వారంటీ ఎంత మిగిలిందో ముందే అడగండి. మినీకి వారంటీ బదులు తుప్పు చూడాలి, తలుపుల కింద పొడుగ్గా ఉండే సిల్స్ అనే ఇనప భాగాలు, వెనక చక్రాల్ని పట్టి ఉంచే సబ్‌ఫ్రేమ్ చూడండి, సిల్స్ మీద అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే రంగు కింద ఉన్నది ఇనుము కాదు, తుప్పు కన్నాల్ని పూడ్చిన పుట్టీ.