మళ్లీ ఉద్యోగంలోకి – 3వ పాఠం: ‘ఖాళీగానే ఉన్నా’ అనే మాట తీసేద్దాం

పోయిన పాఠంలో బీరువా అడుగున పడి ఉన్న సర్టిఫికెట్లన్నీ బయటికి తీయమన్నాను. తీశారనే అనుకుంటున్నాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉండటం మనలో చాలామందికి ఉన్న చిక్కే. బయోడేటాలో మాత్రం పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎట్లా ఉందో అట్లాగే రాయండి. చేరేటప్పుడు పీఎఫ్ ఖాతాకు ఆధార్ కలపాలి, పేర్లు తేడాగా ఉంటే పని అక్కడ ఆగుతుంది. దాని సంగతి ఆరో పాఠంలో వివరంగా చూద్దాం.

ఈ రోజు పని వేరు. ఇంట్లో ఉన్న ఏళ్లని కాగితం మీద పెట్టాలి.

మా నెల్లూరు వైపు పెళ్లిలోనో పేరంటంలోనో పాత స్నేహితురాలు కనబడితే మాటలు ఇట్లా సాగుతాయి. “ఏం చేస్తుండావు మే ఇప్పుడు?” “ఏముందక్కా, ఇంట్లో ఖాళీగానే ఉండా.” ఆ మాట అన్న మనిషి పొద్దున ఐదింటికి లేచి, నీళ్లు పట్టి, ఇద్దరు పిల్లల క్యారేజీలు కట్టి, మామగారికి షుగర్ ఇంజెక్షన్ ఇచ్చి, కరెంటు బిల్లు కట్టి, ఆ పేరంటానికి వచ్చి ఉంటుంది. అయినా ‘ఖాళీ’ అనే అంటుంది. మనకి అది మర్యాదగా అలవాటైన మాట. చుట్టాల దగ్గర అంటే పోయేదేమీ లేదు. ఉద్యోగం ఇచ్చే మనిషి ముందు అంటే మాత్రం చాలా పోతుంది.

నాకు జరిగిందే చెబుతాను. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి ఇంటర్వ్యూకి వెళ్లింది నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక బట్టల షోరూమ్‌కి, క్యాష్ కౌంటర్ ఉద్యోగానికి. “ఇన్నేళ్లు ఏం చేశారమ్మా?” అని అడిగారు. “ఏం లేదండి, ఇంట్లో ఖాళీగా ఉన్నాను” అన్నాను. ఆయన ఫారంలో అనుభవం అనే గడిలో పెన్నుతో ఒక అడ్డగీత గీసి, ఫోన్ చేస్తామన్నారు. చేయలేదు. ఆటోలో ఇంటికి వస్తూ ఆ గీత గురించే ఆలోచించాను. అంతకుముందు మూడేళ్లు మా అత్తయ్యగారిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లాను. ఆరోగ్యశ్రీ కాగితాలు, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, అన్నీ నేనే చూశాను. ఏ రిపోర్టు ఎప్పుడు అడుగుతారో, ఏ కౌంటర్లో ఏ సంతకం కావాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అదంతా నా నోటి నుంచి ఒక్క ముక్క కూడా రాలేదు. తర్వాత పొగతోటలో ఒక ఆసుపత్రి రిసెప్షన్ ఉద్యోగానికి వెళ్లినప్పుడు అదే చెప్పాను. తీసుకున్నారు. చదువు అదే, వయసు ఇంకో నాలుగు నెలలు పెరిగింది, అంతే తేడా.

ఇప్పుడు ఒక రూళ్ల నోటుపుస్తకం తీసుకోండి. బయోడేటా ఇంగ్లీషులోనే ఇవ్వాల్సి వస్తుంది, కానీ ఈ పని తెలుగులోనే చేయండి. ఇంగ్లీషులో మొదలుపెడితే తెలిసిన నాలుగు మాటల దగ్గరే ఆగిపోతాం. ఎడమ పేజీలో మీరు ఉద్యోగం గానీ చదువు గానీ ఆపిన ఏడాది నుంచి ఇప్పటిదాకా ఒక్కో ఏడాది రాయండి. ఎదురుగా కుడి పేజీలో ఆ ఏడాది ఇంట్లో, వీధిలో, బడిలో, గుడిలో, చర్చిలో, ఆసుపత్రిలో మీ చేతి మీదుగా జరిగిన పనులు రాయండి. ఏడాది గుర్తురాకపోతే పిల్లల తరగతి పట్టుకోండి. ‘బాబు రెండో తరగతిలో ఉన్నప్పుడు’ అంటే చాలు, వెంటనే గుర్తొస్తుంది.

ప్రతి పని పక్కన మూడు సంగతులు చేర్చాలి. ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి తెలుసు. ఈ మూడూ లేని పని బయోడేటాలోకి రాదు.

పొదుపు సంఘాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మన జిల్లాలో దాదాపు ప్రతి వీధిలో ఒక సంఘం ఉంది. 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం దూబగుంట ఆడవాళ్లతో మొదలైంది, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్నవాళ్లతో. దాని తర్వాతే రోజుకొక రూపాయి దాచే పొదుపు లక్ష్మి సంఘాలు నెల్లూరు జిల్లాలో పుట్టాయి. అంటే సంఘం లెక్క రాయడం ఇక్కడ మన అమ్మల కాలం నుంచి ఉన్న పని. దాన్ని పని అని ఒప్పుకోనిది మనమే.

మీరు సంఘంలో లీడరుగానో, పుస్తకాలు రాసే మనిషిగానో ఉన్నారనుకోండి. ‘డ్వాక్రా సభ్యురాలు’ అని రాస్తే చదివేవాళ్లకి ఏమీ తెలియదు. పది మంది సభ్యులు, మనిషికి నెలకు 200, ఆరేళ్లు అనుకుందాం. నెలకు 2,000, ఆరేళ్లకు 1,44,000 రూపాయల పొదుపు. ఇది కాక బ్యాంకు లింకేజీ రుణం ఎంత తీసుకున్నారు, ఎన్ని కంతుల్లో తీర్చారు, ఒక్క కంతు కూడా తప్పకుండా కట్టారా, ఇవన్నీ మీ తీర్మానాల పుస్తకంలో, లెడ్జరులో ఉన్నాయి. వెళ్లి చూసి రాసుకోండి, నోటికొచ్చిన అంకె వేయవద్దు. అప్పుడు వాక్యం ఇట్లా తయారవుతుంది: ‘పది మంది సభ్యుల పొదుపు సంఘానికి ఆరేళ్లు పొదుపు, అప్పుల లెడ్జరు, తీర్మానాల పుస్తకం రాశాను, నెలనెలా బ్యాంకులో జమచేసి పాసుపుస్తకంతో లెక్క సరిచూశాను.’ ఈ వాక్యం చదివిన షాపు యజమానికి మీకు డబ్బు అప్పగించవచ్చా లేదా అనే ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. ఎవరికి తెలుసు అంటే మీ సంఘం రెండో లీడరుకు, సంఘాల పనిమీద వచ్చే సీసీ (కమ్యూనిటీ కోఆర్డినేటర్) మేడమ్‌కు తెలుసు. వాళ్లని ముందే అడిగి, ఒప్పుకుంటేనే పేరు ఇవ్వండి.

ట్యూషన్ చెప్పినా అంతే. ‘పిల్లలకు చెప్పేదాన్ని’ అని వదిలేయవద్దు. ఎంతమంది, ఏ తరగతులు, ఏ మీడియం, ఎన్నేళ్లు. చీరలకు ఫాల్స్ కుట్టినా, పచ్చళ్లు పెట్టి అమ్మినా, ఆర్డర్లు ఫోన్‌పేలో తీసుకున్నా నెలకు ఎన్ని అని రాయండి. పెళ్లికి ముందు చేసిన ఉద్యోగం ఆరు నెలలదే అయినా రాయండి.

ఇక రాయకూడనివి. ‘హోమ్ మేనేజర్’, ‘ఇంటికి సీఈఓ’ లాంటి పదాలు కొందరు రాయమంటారు. నాకు ఇది నచ్చదు. వంట, ఇల్లు తుడవడం చిన్న పనులని కాదు, అంత పెద్ద పనికి అద్దె పేరు ఎందుకు తగిలించాలి? పైగా చదివే మనిషి అక్కడే నవ్వుకుని పక్కన పెడతాడు. ‘కెరీర్ బ్రేక్, కుటుంబ బాధ్యతలు’ అని సూటిగా రాసి, పక్కన ఏళ్లు వేసి, కింద మీ నోటుపుస్తకంలోంచి తీసిన రెండు మూడు వాక్యాలు పెట్టండి. దాచలేదు, క్షమాపణా అడగలేదు.

నెట్ సెంటర్లో టైపు చేసే అబ్బాయి “ఏదో ఒక కంపెనీ పేరు వేసేద్దాం మేడమ్, ఎవరు చూస్తారు” అనవచ్చు. వద్దు. 2014 నుంచి పీఎఫ్ సభ్యులకు యూఏఎన్ అని, ఉద్యోగాలు మారినా మారని ఒక నంబరు వచ్చింది, ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉన్నారో దాని చరిత్రలో కనిపిస్తుంది. అక్కడ లేని ఉద్యోగం మీ కాగితం మీద ఉంటే, నిజంగా చేసిన పనులను కూడా నమ్మరు.

ఇంకో రకం ఉంది, దీని దగ్గర కాస్త ఆగాలి. గతంలో ఉద్యోగం చేసి, మధ్యలో పని తీరే మారిపోయినవాళ్లు. కావలిలో బీకాం చదివి 2011 నుంచి రెండేళ్లు రైస్‌మిల్లులో టాలీ (కంప్యూటర్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఎంట్రీలు చేసిన మనిషిని ఊహించుకోండి. ఆమెకు తెలిసింది అప్పట్లో అమ్మకాల మీద వేసే వ్యాట్ పన్ను. 2017 జూలై 1 నుంచి దాని బదులు జీఎస్టీ వచ్చింది. 2018లో సరుకు రవాణాకు ఈ-వే బిల్లు అనే ఆన్‌లైన్ పత్రం మొదలైంది. 2020 చివర్లో టాలీ కొత్త రూపం, టాలీ ప్రైమ్ వచ్చింది. ఆమె ‘టాలీ వచ్చు’ అని మాత్రమే రాసి, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుకో ఒంగోలులో హోల్‌సేల్ షాపుకో వెళితే మొదటి ప్రశ్నలోనే తడబడుతుంది. అప్పుడు పదేళ్ల గ్యాప్ వల్ల పోయిందని అనుకుంటుంది. నిజానికి గ్యాప్ వల్ల కాదు. ఆ మూడు మార్పులు నేర్చుకోకపోవడం వల్ల.

నేర్చుకోవడం ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. మందుల షాపు, బట్టల షాపు, ఎలక్ట్రికల్ షాపు బిల్లులు ఐదు పోగేయండి. బిల్లు పైన 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటుంది, మన రాష్ట్రం షాపు అయితే అది 37తో మొదలవుతుంది. కింద సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) అని రెండు సమానమైన మొత్తాలు కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పించిన వస్తువు బిల్లు చూస్తే అక్కడ ఆ రెండింటి బదులు ఐజీఎస్టీ ఒక్కటే ఉంటుంది. ఎందుకో మీకు మీరే ఒక కాగితం మీద రాసుకోండి. టాలీ ప్రైమ్‌ని లైసెన్స్ కొనకుండా ఎడ్యుకేషన్ మోడ్‌లో వాడుకోవచ్చు. నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీలు వేయనిస్తుంది గానీ చేయి తిరగడానికి అది చాలు. ఆ ఐదు బిల్లులూ అందులో వేయండి. అప్పుడు బయోడేటాలో ‘జీఎస్టీ ఎంట్రీలు ప్రస్తుతం సాధన చేస్తున్నాను’ అని రాసే హక్కు వస్తుంది. అడిగితే చూపించగలరు కూడా.

నోటుపుస్తకం ఒకటే, బయోడేటా మాత్రం వెళ్లే చోటును బట్టి మారాలి. ఆసుపత్రి కౌంటర్‌కి వెళితే డయాలసిస్ కాగితాలు పైకి వస్తాయి, ట్యూషన్ కిందికి పోతుంది. బడికి వెళితే తిరగబడుతుంది. రైస్‌మిల్లు ఆఫీసుకో, ముత్తుకూరు వైపు నూనె ఫ్యాక్టరీ ఆఫీసుకో పొదుపు సంఘం లెడ్జరు ముందు ఉండాలి. అన్నీ అన్నిచోట్లా కుక్కితే ఏదీ కనిపించదు. ఒక్క పేజీ దాటవద్దు.

పేజీ పైన ఫోన్ నంబరు మీదే రాయండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది. నాకు వచ్చిన మొదటి కాల్ మావారి ఫోన్‌కి వచ్చింది, ఆయన డ్యూటీలో ఉన్నారు. సాయంత్రం మేం తిరిగి చేసేసరికి వేరే మనిషిని తీసుకున్నామన్నారు. మీ పేరుతో ఒక మెయిల్ ఐడీ కూడా పెట్టుకోండి, పాస్‌వర్డ్ మీకే తెలియాలి. ఆధార్, పాన్ నంబర్లు బయోడేటా మీద వేయవద్దు, అవి చేరే రోజున ఇచ్చేవి. కులం, మతం రాయనవసరం లేదు. ఈలోగా ఎవరైనా ఫోన్ చేసి రిజిస్ట్రేషన్‌కి డబ్బు కట్టమంటే కట్టకండి. కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చివరి పని నోటితో చేసేది. కాగితం మీద ఎంత బాగా రాసినా ‘ఖాళీగా’ అనే మాట నాలుక మీదే కూర్చుని ఉంటుంది. దాని స్థానంలో మూడు వాక్యాలు సిద్ధం చేసుకోవాలి: ముందు ఏం చేశాను, మధ్యలో ఏం చేశాను, ఇప్పుడు ఏం చేయగలను. పైన చెప్పిన బీకాం మనిషికి పొదుపు సంఘం పని కూడా ఉందనుకుంటే ఇట్లా చెప్పవచ్చు. “2013 దాకా రైస్‌మిల్లులో అకౌంట్స్ చూశానండి. పిల్లల కోసం ఆపాను, ఆ కాలంలో ఆరేళ్లు మా పొదుపు సంఘం లెక్కలు నేనే రాశాను. ఇప్పుడు పాప ఆరో తరగతికి వచ్చింది, ఫుల్‌టైమ్ చేయగలను, జీఎస్టీ ఎంట్రీలు నేర్చుకుంటున్నాను.” అంతవరకు చెప్పి ఆగండి. ఆగడం కష్టం. ఆ నిశ్శబ్దంలో టెన్షన్‌తో “పెద్దగా ఏం రాదులెండి” అని కలిపేస్తాం.

ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టి చెప్పుకోండి. తిరిగి వింటూ ‘ఏదో’, ‘కొంచెం’, ‘ఊరికే’ అనే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో గీతలు పెట్టండి. నా మొదటి రికార్డింగ్‌లో ‘ఏదో’ ఏడుసార్లు వచ్చింది. నాలుగో రోజుకి ఒక్కటి మిగిలింది.

“పిల్లల్ని ఎవరు చూసుకుంటారు?” అని కూడా అడుగుతారు. మగవాళ్లని ఈ ప్రశ్న అడగరు. అది అన్యాయమే, నేనూ ఒప్పుకోను. అయినా అడిగినప్పుడు వాదన పెట్టుకోవడం కన్నా ఏర్పాటు చెప్పడం మేలు. “బడి నుంచి మా అమ్మ దగ్గరికి వెళతారండి, నేను ఏడింటిదాకా ఉండగలను” అంటే వాళ్లకి అడగడానికి ఇంకేమీ ఉండదు. ఆ ఏర్పాటు నిజంగా ఉండాలి. లేకపోతే ఈ వారమే ఇంట్లో కూర్చుని మాట్లాడండి, ఉద్యోగం వచ్చాక కాదు.

ఈ వారం అభ్యాసం. ఆదివారం లోపు నోటుపుస్తకంలో కనీసం పది పనులు, పక్కన అంకెలతో. బుధవారం కల్లా వాటిలోంచి నాలుగు వాక్యాలు ఎంచి ఒక పేజీ. ఆ తర్వాత రోజూ పొద్దున, పొయ్యి మీద పాలు కాగేలోపు మూడు వాక్యాలు ఒకసారి పైకి. ఆ పేజీని ఇంట్లోవాళ్లకి కాకుండా, ఉద్యోగం చేస్తున్న ఒక స్నేహితురాలికి చూపించి, “ఇది చదివాక నేను ఏం పని చేయగలనని నీకనిపించింది?” అని అడగండి. ఆమె చెప్పింది, మీరు అనుకున్నది ఒకటి కాకపోతే వాక్యాలు మార్చండి.

వచ్చే పాఠానికి ఆ పేజీ జిరాక్సులు ఐదు దగ్గర పెట్టుకోండి. దర్గామిట్ట నుంచి మొదలుపెట్టి, ‘పనికి మనుషులు కావలెను’ అని బోర్డులు కట్టిన షాపుల దగ్గర ఎట్లా అడగాలో, కేంద్ర ప్రభుత్వం 2015లో తెచ్చిన నేషనల్ కెరీర్ సర్వీస్ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టకుండా పేరు ఎట్లా నమోదు చేసుకోవాలో చూద్దాం.