మంచులో నెమలి కనబడితే

ముందు వెంటపడకండి. బెదిరితే ఎగిరి చెట్టెక్కుతుంది, ఇక దగ్గరికి రానివ్వదు. నెమళ్లు సహజంగా తిరిగే ప్రాంతమైతే అసలు పట్టొద్దు. షెడ్డులోకి రప్పించే ఈ కింది పద్ధతి తప్పించుకొచ్చిన పెంపుడు పక్షికే. కాలికి రింగు ఉందేమో చూడండి, ఇరుగుపొరుగును అడగండి.

ఒళ్లు పొడిగా ఉండి, ఈదురుగాలి తగలకపోతే నెమలి చలిని బాగానే ఓర్చుకుంటుంది. ముప్పంతా కాలి వేళ్లకే: పాలిపోయాయా, ఉబ్బాయా, కుంటుతోందా గమనించండి. పింఛం పొట్టిగా ఉంటే జబ్బనుకోవద్దు, రాలిపోయి మళ్లీ పెరిగే కాలమది.

రోజూ ఒకే వేళకు, తలుపు తీసిన షెడ్డు దగ్గర గుప్పెడు గోధుమలో మొక్కజొన్న నూకో చల్లి, గోరువెచ్చని నీళ్లు పెట్టండి. గింజల్ని రోజుకు కొంచెం లోపలికి జరపండి. లోపల తినడం అలవాటయ్యాకే, చీకటి పడేముందు తలుపు మెల్లగా మూయండి. మొదటి రోజే మూయబోతే పని చెడుతుంది.

లోపల కాస్త ఎత్తులో 10 సెంటీమీటర్ల వెడల్పున్న అడ్డచెక్క బిగించండి. సన్నటి కర్రను పట్టుకుంటే వేళ్లు బయటికే ఉండిపోతాయి. వెడల్పు చెక్కమీద కూర్చుంటే పొట్ట ఈకలు వాటిని కప్పేస్తాయి.

పట్టుకోవాల్సొస్తే రెక్కలు ఒంటికి అదిమి, కాళ్లు కలిపి పట్టండి. పింఛం లాగితే ఈకలు ఊడొస్తాయి. గడ్డకట్టిన వేళ్లను రుద్దొద్దు, వెంటనే పశువైద్యుడికి చూపించండి.