నోటుబుక్కు సర్దితే లెక్కలు వస్తాయా? కొలిచి చూసిన పద్ధతి

హోంవర్క్ చేసినా నోటుబుక్కు దొరకదు, దొరికినా ఆ లెక్క ఏ పేజీలో ఉందో తెలియదు. ఎనిమిదో తరగతిలో ఈ గొడవ మీద యాక్షన్ రీసెర్చ్ (టీచరు తన తరగతి సమస్య మీద తానే చేసే చిన్న పరిశోధన) పెట్టుకుంటే మొదట తేల్చుకోవాల్సింది కొలత. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) పద్ధతిలో ఎఫ్‌ఏ, అంటే చదువు సాగుతుండగా చేసే మూల్యాంకనం, మార్కులు మొత్తం తీసుకుంటే దెబ్బతింటాం. అందులో కొన్ని రాత పనులకే, అంటే నోటుబుక్కులకే. పుస్తకం సర్దుకోగానే అవి ఎలాగూ పెరుగుతాయి, లెక్కలు వచ్చినట్టు కాదు. అందుకే అందులోని స్లిప్ టెస్టునే, అంటే క్లాసులో పెట్టే చిన్న రాత పరీక్షనే, విడిగా తీసుకున్నాం.

ముందు రెండు వారాలు ఏమీ మార్చకుండా చూడటమే. తేదీ, అభ్యాసం నంబరు, విషయసూచిక, పూర్తయిన హోంవర్క్, తప్పుల దిద్దుబాటు: ఉంటే 1, లేకపోతే 0. తర్వాత ఆరు వారాలు పీరియడ్ చివరి ఐదు నిమిషాలు సర్దుకోవడానికే. హోంవర్క్ రోజూ బోర్డు మీద అదే మూలన రాయాలి. విడి కాగితాలు క్లాసులోనే అతికించాలి. ‘ఇంటికెళ్లి అంటిస్తా సార్’ అన్న కాగితం మళ్లీ కనబడదు.

తనిఖీ రోజు ముందే చెబితే పక్కవాడి పుస్తకం చూసి రాత్రికి రాత్రే మొత్తం ఎక్కించేస్తారు. చీటీలు తీసి రోజుకు ఐదుగురివే చూస్తే చాలు, టీచరుకూ తేలిక. పుస్తకం నిండుగా ఉండి స్లిప్ టెస్టులో మార్కులు రాకపోతే ముందు అనుమానించాల్సింది ఈ కాపీనే. అలాంటి పిల్లల చేత ఒక లెక్క బోర్డు మీద చేయించి చూడాలి.

సర్దుడు పెట్టని రెండో సెక్షన్‌కూ అవే టెస్టులు పెట్టాలి. లేకపోతే మార్కులు పెరిగింది సర్దుడు వల్లో, పాఠం తేలికవడం వల్లో చెప్పలేం. సగటు కట్టేటప్పుడు ముందు టెస్టూ, చివరి టెస్టూ రెండూ రాసినవాళ్లనే కలపాలి.