రాయి పట్టే వేళ్లకు చవకైన కాపుదల

క్లైంబర్ల కోసమని, అంటే బండలూ గోడలూ ఎక్కేవాళ్ల కోసమని అమ్మే చేతి బామ్ డబ్బాను ఒకసారి తిప్పి, వెనక రాసింది చదవండి. చాలావాటిలో ఉండేది తేనెమైనం, ఒకటో రెండో నూనెలు, కాస్త సువాసన. ఈ సరుకును ఇంట్లోనే అరగంటలో కలుపుకోవచ్చు. అసలు చిక్కు సరుకులో లేదు, వేళలో ఉంది. ఒకే బామ్ రాత్రి పడుకునే ముందు రాస్తే చర్మాన్ని నిలబెడుతుంది, ఎక్కడానికి గంట ముందు రాస్తే పట్టు జారుస్తుంది. ఏ పని ఏ పూట చేయాలో తెలిస్తే చాక్ (పట్టు కోసం చేతులకు పూసుకునే తెల్ల పొడి), టేపు, సాండ్ పేపర్, నెయిల్ కట్టర్, ఒక బామ్ చాలు.

అరచేతిలోనూ వేళ్ల లోపలివైపునా నూనె గ్రంథులు ఉండవు. చెమట గ్రంథులు మాత్రం కిక్కిరిసి ఉంటాయి. అంటే సొంత జిడ్డు లేని చర్మం అది, దాని మీద మనం తేమ పీల్చే పొడిని గంటల తరబడి రుద్దుతాం. మరీ ఎండితే పైపొర పాత తోలులా బిరుసెక్కి, వంచినచోటల్లా పగులుతుంది. మరీ తడిస్తే నానిన అట్టలా మెత్తబడి చిరుగుతుంది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు కాబట్టి, ముందు మీ చేయి ఏ రకమో చూసుకోవాలి. చేతులు కడిగి తుడుచుకుని, చాక్ లేకుండా పది నిమిషాలు కూర్చుని, వేలి కొసను శుభ్రమైన గాజు మీద నొక్కండి. తడి ముద్ర పడితే చెమట చేయి. ముద్ర సరిగా పడక వేలు నున్నగా జారిపోతే పొడి చేయి. పొడి చేతికి బామ్ రోజూ కావాలి. చెమట చేతికి గాయాల మీదా, పగుళ్ల మీదా రాస్తే చాలు.

ఎక్కే ముందు, ఎక్కుతున్నప్పుడు

గిన్నెలు తోమి, బట్టలు ఉతికి, ఈత కొట్టి నేరుగా ఎక్కే గోడ దగ్గరికి వెళ్లకండి. నానిన చర్మం మామూలు స్థితికి రావడానికి గంట దాకా పట్టవచ్చు, ఆలోపు గరుకు హోల్డ్ (చేత్తో పట్టుకునే బొడిపె లేదా అంచు) పట్టుకుంటే పొర ఊడి వస్తుంది. గిన్నెలు తోమేటప్పుడు రబ్బరు చేతి తొడుగులు వేసుకునే అలవాటు ఏ క్రీముకూ తీసిపోదు.

చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్. 1950లలో జాన్ గిల్ అనే అమెరికన్ బౌల్డరర్ (తాడు లేకుండా చిన్న బండలు ఎక్కేవాడు) జిమ్నాస్టిక్స్ నుంచి దాన్ని బండల మీదికి తెచ్చాడు. జిమ్నాస్టుల కోసం అమ్మే దిమ్మను కొని చేత్తో నలుపుకుంటే సరిపోతుంది, పొడి చేసి సీసాలో పోసి అమ్మేదీ ప్రధానంగా ఈ పదార్థమే. బడిలో రాసే సుద్దముక్క మాత్రం పనికిరాదు, అది కాల్షియం కార్బొనేట్ లేదా జిప్సం. టాల్కమ్ పౌడర్ ఇంకా ప్రమాదం, టాల్క్ జారుడు పదార్థం. లిక్విడ్ చాక్‌లో ఆల్కహాల్ ఉంటుంది, అది చెమటతో పాటు చర్మంలోని కొవ్వునూ లాగేస్తుంది. చెమట చేతులవాళ్లు మొదట్లో ఒక పూత వేసుకుని, ఆపైన మామూలు చాక్‌తో సరిపెట్టుకోవచ్చు. పొడి చేతులవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. చాక్ ఎంత దట్టంగా పూస్తే అంత పట్టు అనుకోవద్దు, పూసి రెండు చేతులూ ఒకసారి తట్టి, ఎక్కువైంది రాల్చేయాలి.

ఆపాల్సిన వేళను వేలి కొసలే చెబుతాయి. మామూలుగా ఉండే రేఖలు అరిగిపోయి, కొస గులాబీ రంగుకు తిరిగి మెరుస్తుంటే పైపొర పలచబడిందని అర్థం. ఆ మెరుపు మధ్యలో సూదిమొనంత తడి చుక్కలు కనిపిస్తే ఆ రోజుకు ఇక దిగిపోండి. ఇంకో పది ప్రయత్నాలు చేస్తే వచ్చేది నెత్తురు, తర్వాత వారం రోజుల సెలవు. ఇలాంటి కొసలకు కనీసం రెండు రోజులు విశ్రాంతి కావాలి. ఏ బామ్ రాసినా ఈ లెక్క తగ్గదు, పొర పెరగడానికి పట్టే కాలం పట్టి తీరుతుంది.

దిగిన వెంటనే

చాక్‌తోనే ఇంటికి వెళ్లి, చాక్‌తోనే అన్నం తినేవాళ్లు చాలామంది. చేతిమీద ఉన్నంతసేపూ అది తేమ లాగుతూనే ఉంటుంది. దిగగానే చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్లతో, మెత్తటి సబ్బుతో కడగండి. గోళ్ల చుట్టూ, వేళ్ల మడతల్లో మిగిలే తెల్లటి గీతలు పోయేదాకా రుద్దాలి. వేడినీళ్లు వద్దు, అవి ఉన్న కొద్దిపాటి కొవ్వునూ కరిగించి పట్టుకుపోతాయి. చేయి పూర్తిగా ఆరకముందే, కాస్త చెమ్మగా ఉండగానే బామ్ రాయాలి. మైనపు బామ్ సొంతంగా నీటిని ఇవ్వదు, ఉన్న తేమకు మూత వేస్తుంది. ఎండిపోయాక రాస్తే మూత వేయడానికి లోపల ఏమీ ఉండదు. బామ్ పనిచేయడం లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

రెండు చేతులకూ కలిపి బఠాణీ గింజంత చాలు. రాసిన ఐదు నిమిషాలకు కూడా వేళ్లు జిడ్డుగా ఉంటే ఎక్కువ రాశారన్నమాట. రాత్రి రాసింది పొద్దున ఎక్కడానికి అడ్డు రాదు. పొద్దున రాస్తే మాత్రం సాయంత్రం దాకా ఆగాలి.

అరగదీయడం

కాయలు కాయడం మంచిదే, అవి చర్మం వేసుకున్న కవచం. కానీ కాయ అంచు మెట్టులా పైకి లేస్తే హోల్డ్ అంచు దానికి తగులుకుని మొత్తం పొరను లేపేస్తుంది. క్లైంబర్లు ఫ్లాపర్ అనేది దీన్నే. ఎక్కువగా వేలు అరచేతిలో కలిసే చోటా, వేలి మధ్య కణుపుల దగ్గరా వస్తుంది. జగ్ (చేయంతా పట్టే పెద్ద హోల్డ్) పట్టుకుని ఊగినప్పుడు చర్మం ముడతపడేది అక్కడే.

ఎక్కడ అరగదీయాలో కంటితో తేలదు. పాత పాలిస్టర్ గుడ్డను అరచేతి మీద మెల్లగా లాగండి. పోగు ఎక్కడ తగులుకుంటే అక్కడే పని ఉంది. కాయ మందంగా ఉంటే 120 నంబరు సాండ్ పేపర్‌తో మొదలుపెట్టి, 220తో నున్న చేయండి. చిన్న ముక్కను చెక్క పెన్సిల్‌కు చుట్టుకుంటే మడతల్లోకి దూరుతుంది. ఒకే దిక్కుకు, తేలికగా, ఒక్కోచోట ఐదారు గీతలు గీసి ఆగి, బొటనవేలితో తడిమి చూడండి. మెట్టు పోయి వాలు వస్తే చాలు. కాయ మొత్తాన్ని తీసేసి చంటిపిల్ల చేయిలా చేసుకుంటే తర్వాతి సెషన్‌లోనే బొబ్బలెక్కుతాయి. గులాబీ రంగు కనిపిస్తే హద్దు దాటినట్టే. వేలి కొసలకు 220 కంటే గరుకైనది వాడొద్దు, అక్కడ లేచిన పొరలను, పగులు అంచులను మాత్రమే సరిచేయాలి. బ్లేడుతో చెక్కడం మానండి, చేయి ఒక్కసారి తప్పితే అరగదీయడానికి కాదు, కుట్లు వేయించుకోవడానికి వెళ్లాలి.

చేయి పొడిగా ఉన్నప్పుడు అరగదీస్తే ఎంత పోతోందో తెలుస్తుంది. నానిన చర్మం ముద్దలుగా ఊడి, అవసరానికి మించి పోతుంది. వారానికి ఒకటి రెండుసార్లు, విశ్రాంతి రోజున, బామ్ రాసే ముందు ఈ పని పెట్టుకోండి. గోళ్లు కూడా అప్పుడే కత్తిరించుకుంటే ఒక పనైపోతుంది. మరీ లోపలికి కోస్తే క్రింప్ (వేలి కొసలతో పట్టే సన్నటి అంచు) పట్టినప్పుడు కొస మాంసం గోటి నుంచి విడిపోతుంది, కాబట్టి ఒక మిల్లీమీటరు తెల్ల అంచు ఉంచండి.

బామ్ తయారీ

సుమారు 100 గ్రాముల బామ్‌కు 20 గ్రాముల తేనెమైనం, 80 గ్రాముల నూనె. పొద్దుతిరుగుడు, బాదం, ఆలివ్, ఏదైనా సరే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టి కరుగుతుంటుంది కాబట్టి, అది మాత్రమే వాడితే ఎండాకాలం ఒకలా, చలికాలం ఒకలా ఉంటుంది. బాగా వేడి ఉండేచోట 25 గ్రాముల మైనం, 75 గ్రాముల నూనె లెక్క పట్టండి. చెంచాలతో కొలవొద్దు, తూకం వేయండి, తురిమిన మైనం చెంచాలో ఎంత పడుతుందో ప్రతిసారీ మారుతుంది.

1. గాజు సీసా, చెంచా, బామ్ పోసే డబ్బా అన్నీ కడిగి పూర్తిగా ఆరబెట్టండి. లోపల నీటి చుక్క ఉండకూడదు.
2. గిన్నెలో మూడు వేళ్ల లోతు నీళ్లు పోసి అడుగున గుడ్డ పరచి, సీసాను నిలబెట్టి, మైనం, నూనె వేసి సన్న మంట మీద పెట్టండి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నీళ్లు తెర్లాల్సిన అవసరం లేదు. నేరుగా మంట మీద పెడితే నూనె అంటుకునే ప్రమాదం ఉంది.
3. మొత్తం కరిగాక, ఫ్రిజ్‌లో పెట్టిన చెంచా మీద ఒక చుక్క వేసి రెండు నిమిషాలు ఆగండి. గోటితో గీరితే మైనంలా పెళుసుగా వస్తే 5 గ్రాముల నూనె కలపండి. వేలు తగలగానే కారిపోతే 3 గ్రాముల మైనం కలపండి.
4. దించి, విటమిన్ ఇ క్యాప్సూల్ ఒకటో రెండో గుచ్చి పిండి కలపండి. నూనె ముక్కిపోకుండా ఇది కొంతకాలం ఆపుతుంది, సూక్ష్మజీవులను మాత్రం ఆపదు.
5. డబ్బాలో పోసి, కదపకుండా పూర్తిగా చల్లారాక మూత పెట్టండి. వేడిగా ఉండగా మూత పెడితే ఆవిరి చెమ్మ లోపల పడుతుంది.

కలబంద గుజ్జు, తేనె, గులాబీ నీళ్లు కలపాలనిపిస్తుంది. కలపకండి. నీరు చేరిన బామ్‌లో బూజు పడుతుంది, అది తీసుకెళ్లి పగిలిన వేలికి రాస్తాం. ఘాటైన సుగంధ నూనెలు పగుళ్లలో మండుతాయి, కొందరికి దద్దుర్లూ వస్తాయి. సీసాకు అంటిన మైనాన్ని వెచ్చగా ఉండగానే కాగితంతో తుడిచేయండి, సింకులో పోస్తే గొట్టం మూసుకుపోతుంది. ముక్కిన వాసన వచ్చిన రోజున బామ్ పారేయాలి.

ఇంత ఓపిక లేనివాళ్లకు మామూలు పెట్రోలియం జెల్లీ ఉంది. మూత వేసే పనిలో దాన్ని మించింది లేదు, జిడ్డు మాత్రం ఎక్కువ. రాత్రి పలచగా రాసి పాత నూలు మేజోళ్లు చేతులకు తొడుక్కుని పడుకోవచ్చు. చూడటానికి బాగోదు, పని మాత్రం చేస్తుంది. మరీ బిరుసెక్కిన చేతులకు 10 శాతం యూరియా క్రీము విశ్రాంతి రోజుల్లో మేలు. 40 శాతం యూరియా వేరే సంగతి, అది కాయలను కరిగించే మందు, వేలి కొసలకు తగలనివ్వకూడదు.

చిరిగితే, పగిలితే

ఫ్లాపర్ లేచిన వెంటనే దాన్ని చేత్తో పీకేయకండి. పీకితే చచ్చిన పొరతో పాటు బతికున్న చర్మమూ వస్తుంది. ముందు పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, లోపల చాక్ లేకుండా చూడండి. స్పిరిట్‌తో తుడిచిన చిన్న కత్తెరతో వేలాడే భాగాన్ని మొదలు దాకా కత్తిరించండి. పొర మందంగా ఉండి ఇంకా బలంగా అంటుకుని ఉంటే, దాన్నే కప్పుగా వేసి కట్టు కట్టి, రెండు రోజుల తర్వాత ఎండినంతమేర కత్తిరించడం మేలు. గాయం మీద పలచగా పెట్రోలియం జెల్లీ, పైన అంటుకోని పట్టీ, రోజూ మార్చాలి. గాలి తగిలి ఎండితే త్వరగా మానుతుందనేది పాత నమ్మకం. ఎండి పెచ్చు కట్టిన గాయం కంటే చెమ్మగా కప్పి ఉంచిన గాయం త్వరగా పూడుతుంది. స్పిరిట్‌నూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ పచ్చి గాయం మీద రోజూ పోయకండి, కొత్త కణాలను కూడా అవి చంపుతాయి. లేత చర్మం వచ్చాక చుట్టూ మిగిలిన అంచును 220తో వాలు చేయకపోతే, అదే చోట మళ్లీ చిరుగుతుంది.

వేలి కొస పగులుకు కారణం తరచుగా దాని పక్కన ఉన్న మందపు అంచులే. అవి వంగవు, కాబట్టి వంపు భారమంతా పగులు మీదే పడుతుంది. అంచులను పలచన చేసి, బామ్ రాసి, రాత్రంతా టేపు చుట్టి ఉంచితే సగం పని అయినట్టే. సూపర్ గ్లూ వాడేవాళ్లు ఉన్నారు. నెత్తురు కారని, లోతులేని పగులును మూసి, పైన సన్నటి పూత వేస్తే తాత్కాలికంగా ఆగుతుంది. వైద్యంలో వాడేవి వేరే రకం సైనోఅక్రిలేట్లు (సూపర్ గ్లూ జాతి జిగుర్లు), దుకాణంలో దొరికేది మంటపుట్టించవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ జిగురు దూదికీ నూలుగుడ్డకూ తగిలితే కాలేంత వేడి పుడుతుంది. దూదితో అద్దడం, పైన కట్టు కట్టే పలచటి నూలుగుడ్డ (గాజ్) చుట్టడం రెండూ వద్దు.

టేపుకు 38 మిల్లీమీటర్ల జింక్ ఆక్సైడ్ చుట్ట కొని, పొడుగ్గా మూడు పేలికలు చేసుకుంటే వేళ్లకు సరిపోతుంది. జిడ్డు, చెమట పూర్తిగా తుడిచాకే వేయాలి. కొసకైతే ముందు చిన్న ముక్కను లోపలివైపు నుంచి కొస మీదుగా గోటి మీదికి తెచ్చి, తర్వాత పొడవు ముక్కను వేలి చుట్టూ ఒక్కో చుట్టూ సగం మేర ఎక్కేలా చుట్టండి. చివర గోటివైపు ముగియాలి, లోపలివైపు ముగిస్తే మొదటి హోల్డ్‌కే లేచిపోతుంది. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి, రాకపోతే బిగువు ఎక్కువైంది.

నెత్తురు బొబ్బను గుచ్చకండి. గోరుచుట్టు లేచి సలుపుతున్నా, ఎరుపు పైకి పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఇంటి వైద్యం ఆపి డాక్టరుకు చూపించండి. మధుమేహం ఉన్నవాళ్లు ఇంకా ముందే వెళ్లాలి.

చెమట ఆగని చేతులు

అల్యూమినియం క్లోరైడ్ ఉన్న చెమట నిరోధకాన్ని రాత్రి పూర్తిగా ఆరిన చేతులకు రాసి పొద్దున కడిగేయడం చవకైన దారి. తడి మీద రాస్తే మండుతుంది, గాయాల మీద అసలు వద్దు. చెమటను ఆపే మెథెనమైన్ అనే మందున్న క్రీములు ఇంకా గట్టివి. వాటిని వేలి కొసలకే, పలచగా, మొదట్లో వారానికి ఒకసారి మించకుండా వాడాలి. కణుపుల మడతలకు రాస్తే చర్మం అట్టకట్టి, వేలు వంచిన ప్రతిసారీ అడ్డంగా చీలుతుంది, అది మానేసరికి వారాలు పడుతుంది.