సైకిల్ టూర్‌కి గుంపుగా వెళ్తున్నారా? ముందు వాల్వులు చూసుకోండి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం లాంటి దూరాలకి గుంపుగా సైకిళ్ల మీద బయల్దేరేవాళ్లు, ముందురోజే అందరి సైకిళ్లూ ఒకచోట పెట్టి టైర్ల సైజు, ట్యూబు వాల్వు చూసుకోండి. రోడ్డు సైకిళ్లకి ఎక్కువగా సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది. పంక్చర్ షాపులో గాలి కొట్టే గొట్టం దానికి పట్టదు. వాల్వుకి చిన్న ఇత్తడి అడాప్టర్ బిగిస్తే గొట్టం సరిపోతుంది. బిగించే ముందు వాల్వు కొసనున్న బుల్లి మరని వదులు చేయాలి, లేదంటే గాలి ఎక్కదు. అడాప్టర్ ఖరీదు తక్కువే గానీ, మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక కావాలంటే కష్టం. గుంపులో ఉన్న ప్రతి సైజుకీ రెండేసి స్పేర్ ట్యూబులు పెట్టుకోండి. అవి, పంపు అందరికంటే వెనకాల వచ్చేవాళ్ల బ్యాగులోనే ఉండాలి. అప్పుడు ఎవరికి పంక్చరైనా, ముందెళ్లినవాళ్లు ఘాట్‌లో వెనక్కి తొక్కుకుంటూ రానక్కర్లేదు.